ఐదో శీలం తప్పినవాడు వందనకు రావచ్చా?



ఒక ఆదివారం మా విహారంలో వందన అయిపోయింది. అందరూ చాపలు చుడుతున్నారు. ఒక తల్లి మాత్రం గోడ పక్కన అలాగే కూర్చుండిపోయింది. పొద్దున ఇళ్ళలో పని, మధ్యాహ్నం నుంచి కూలి చేసుకునే మనిషి. దగ్గరికి వెళ్తే మెల్లగా అడిగింది.

"అన్నా, మావాడు ఏడాది నుంచీ గంజాయి తాగుతున్నాడు. ఇప్పుడేవో మాత్రలు కూడా మింగుతున్నాడు. ఆదివారం నాతోపాటు వచ్చి పంచశీలం చెప్తాడు. సాయంత్రానికి మళ్ళీ ఆ సావాసగాళ్ళ దగ్గరికే పోతాడు. చెయ్యనని చెప్పి చేస్తే అది అబద్ధమే కదా? ఐదో శీలంతోపాటు నాలుగోది కూడా తప్పినట్టే కదా? పెద్దాయన వాణ్ణి ఇక తీసుకురావద్దంటున్నాడు. నన్నేం చెయ్యమంటావు?"

ఆ రోజు నా దగ్గర సమాధానం లేదు. "ఆలోచిద్దాం అక్కా" అని తప్పించుకున్నాను. పెద్దాయన చెడ్డవాడేం కాదు. విహారానికి వచ్చే మిగతా పిల్లలు కూడా పాడైపోతారేమోనని ఆయన భయం. ఆ తల్లిదీ భయమే. ఇక్కడినుంచి కూడా గెంటేస్తే కొడుక్కి వెళ్ళే మంచి చోటు ఇంకొకటి ఉండదని. ఇద్దరిలో ఎవరిది సరైన భయం? చాలా రోజులు ఆలోచించాను. ఈ మాటలు ఆ తల్లికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు. మీ వాడలో కూడా ఇలాంటి తల్లి ఉండే ఉంటుంది. అందుకే మీతో పంచుకుంటున్నాను.

మత్తు ఎంత దూరంలో ఉంది?

"మన పిల్లలు అలాంటివాళ్ళు కాదు" అనుకోవడం తేలిక. కానీ లెక్కలు ఆ మాట చెప్పడం లేదు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతా తిరిగి చేసిన సర్వే 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ళ వయసువాళ్ళలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారని అందులో తేలింది. భంగు, గంజాయి లాంటివి వాడేవాళ్ళు 3 కోట్ల పైన. నల్లమందు, హెరాయిన్, నొప్పి మాత్రల లాంటివి వాడేవాళ్ళు 2 కోట్ల పైన. మద్యం వల్ల ఇబ్బందుల్లో పడి సాయం కావలసినవాళ్ళే 5 కోట్లు దాటారు. ఇంకొక లెక్క మరీ బాధ కలిగిస్తుంది. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి పీల్చే అలవాటు పెద్దవాళ్ళలో కన్నా పిల్లల్లోనే ఎక్కువ.

మన తెలుగు నేల సంగతి చూడండి. గంజాయి మనకు ఎక్కడో దూరదేశం నుంచి రావడం లేదు. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో, చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు ఏళ్ళ తరబడి సాగైంది. 2021లో పోలీసులు వేల ఎకరాల తోటలు నరికించారు. తెలంగాణలో కల్తీ కల్లు కథ ఇంకొకటి. ఈత చెట్టు నుంచి వచ్చిన కల్లు అనుకుని తాగుతాం. అందులో కలిపేది అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్. నిద్రమాత్రల మందు అన్నమాట. ఆ కల్లు రెండు రోజులు దొరక్కపోతే మనిషికి చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, పిచ్చిమాటలు మాట్లాడతాడు. "మేం కల్లే తాగుతాం, డ్రగ్స్ కాదు" అనేవాళ్ళు తెలియకుండానే డ్రగ్స్ తాగుతున్నారు.

శీలంలో గంజాయి పేరు లేదు కదా!

చదువుకున్న కుర్రాళ్ళు కొందరు ఒక వాదన చేస్తుంటారు. "బుద్ధుడు సుర వద్దన్నాడు, మేరయం వద్దన్నాడు. గంజాయి వద్దని ఎక్కడన్నాడు? అది ఆకే కదా, చెట్టు నుంచి వచ్చిందే కదా?" అని. నవ్వి ఊరుకోవద్దు. సమాధానం చెప్పాలి.

ఐదో శీలంలో పదాలు విడదీసి చూడండి. సుర అంటే పిండితో చేసిన సారాయి. మేరయం అంటే పూలు, పండ్లు, బెల్లం పులియబెట్టి చేసింది. మజ్జం అంటే మత్తెక్కించేది. వాటి తర్వాత అసలు మాట ఉంది: పమాదట్ఠానం. పమాదం అంటే ఏమరుపాటు, ఠానం అంటే చోటు. ఏమరుపాటుకు చోటిచ్చేది ఏదైనా సరే, దానికి దూరంగా ఉంటానని మనం అంటున్నాం. ఎందుకు వద్దో కారణం శీలంలోనే ఉంది. ఆ కారణం గంజాయికి వర్తిస్తుంది, మాత్రకు వర్తిస్తుంది, సిరంజికీ వర్తిస్తుంది. సూత్రం వేరు, నియమం వేరు అని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో వివరించారు. సూత్రం పట్టుకున్నవాడు పేర్ల జాబితా అడగడు.

భిక్ఖువులకు మద్యం వద్దన్న నియమం ఎలా పుట్టిందో వినయ పిటకంలో ఒక కథ ఉంది. సాగతుడు అనే భిక్ఖువు ఒక భయంకరమైన సర్పాన్ని లొంగదీశాడని పేరు తెచ్చుకున్నాడు. అద్భుతం సంగతి పక్కన పెట్టండి, మనకు కావలసింది తర్వాత జరిగింది. కోసంబి ప్రజలు అభిమానంతో ఇంటింటా అతనికి మద్యం పోశారు. కాదనలేక అన్నిచోట్లా తాగాడు. నగర ద్వారం దగ్గర పడిపోయాడు. తోటి భిక్ఖువులు మోసుకొచ్చి బుద్ధుడి వైపు తల పెట్టి పడుకోబెడితే, మత్తులో దొర్లి కాళ్ళు ఆయన వైపు పెట్టాడు. అప్పుడు బుద్ధుడు అడిగాడు: అంత పెద్ద సర్పాన్ని గెలిచినవాడు ఇప్పుడు కనీసం ఒక నీటిపామునైనా ఎదిరించగలడా?

ఈ కథలో మూడు సంగతులున్నాయి. సాగతుడు బలహీనుడు కాడు, గొప్పవాడే. మత్తు గొప్పవాణ్ణి కూడా పడేస్తుంది. రెండోది, అతనికి పోసినవాళ్ళు శత్రువులు కాదు, అభిమానులే. మన పిల్లలకు మొదటి పొగ ఇచ్చేది కూడా ఎవరో దొంగ కాదు, పక్కనే కూర్చునే స్నేహితుడు. మూడోది మరీ ముఖ్యం. దాన్ని చివర చెప్తాను.

"నా ఒళ్ళు, నా డబ్బు, నీకేంటి?"

తాగేవాడు ఈ మాట తప్పకుండా అంటాడు. మనిషికి స్వేచ్ఛ ఉండాలని మనం కూడా నమ్ముతాం. కాబట్టి ఈ మాటను తేలిగ్గా తీసేయలేం.

రాజగృహంలో సిగాలుడనే యువకుడికి బుద్ధుడు మత్తు వల్ల వచ్చే ఆరు నష్టాలు చెప్పాడు. డబ్బు పోతుంది. కొట్లాటలు పెరుగుతాయి. రోగాలొస్తాయి. పరువు పోతుంది. ఒంటిమీద బట్ట కూడా తెలియకుండా పోతుంది. తెలివి మందగిస్తుంది. ఇందులో స్వర్గం, నరకం మాట లేదు. అన్నీ మన వీధిలో కళ్ళతో చూసేవే. వీటిలో ఎన్ని తాగినవాడి దగ్గరే ఆగుతాయి? డబ్బు పోయిందంటే చెల్లెలి కాలేజీ ఫీజు పోయింది. కొట్లాట అంటే భార్య ఒంటిమీద దెబ్బ. పరువు ఇంటిల్లిపాదిదీ.

అంగుత్తర నికాయంలో ఇంకొక మాట ఉంది. చాలామంది గమనించరు. శీలం పాటించడం అంటే దానం చేయడమేనట. మత్తుకు దూరంగా ఉన్నవాడు లెక్కలేనంతమంది ప్రాణులకు అభయం ఇస్తున్నాడు అంటాడు బుద్ధుడు. ఈ మాట అర్థం కావాలంటే తాగుబోతు ఇంట్లో ఒక సాయంత్రం గడపాలి. ఏడు గంటలైతే పిల్లలు గొంతు తగ్గిస్తారు. అడుగుల చప్పుడు బట్టి ఈరోజు ఎలా ఉంటుందో అంచనా వేస్తారు. తల్లి బియ్యం డబ్బాలో దాచిన నోట్లు ఇంకో చోటికి మారుస్తుంది. ఆ ఇంట్లో తాగని మనిషి ఒక్కరు ఉంటే, ఆ మనిషి రోజూ ఇచ్చే దానం పేరు అభయం. ఖర్చులేని దానం. పేదవాడు కూడా ఇవ్వగలిగిన మహాదానం.

కాబట్టి "నా ఒళ్ళు" అనే తమ్ముడికి ఇదీ జవాబు: ఒళ్ళు నీదే నాయనా. కానీ నీ వల్ల ఇంట్లో పుట్టిన భయం మీ అమ్మది.

బాధ మరవడానికా?

ఇక మనవాళ్ళు చెప్పే అసలు కారణం. "బాధ అన్నా, తాగకపోతే బతకలేం."

ఇది అబద్ధం కాదు. మురుగు కాలువలోకి దిగే అన్నకు ఆ కంపు భరించడానికి ముందు మద్యం కావాలి. శవాల ముందు, జాతర్లలో డప్పు కొట్టినవాళ్ళకు కూలి డబ్బుతోపాటు, కొన్నిసార్లు డబ్బుకు బదులు, కల్లు పోసేవారు. మనల్ని ఆ పనుల్లోనే ఉంచడానికి కులం వాడిన పనిముట్లలో మత్తు ఒకటి. మెలకువగా ఉన్నవాడు "ఈ పని నేనే ఎందుకు చెయ్యాలి?" అని అడుగుతాడు. మత్తులో ఉన్నవాడు అడగడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందికి ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో 17వది మత్తు గురించే ఎందుకు పెట్టారో ఇక్కడ ఆలోచించాలి. అది మడి కోసం పెట్టింది కాదు, మెలకువ కోసం.

మత్తు బాధను తీసేయదు, వాయిదా వేస్తుంది. రేపటికి వడ్డీతో ఇస్తుంది. బుద్ధుడు చెప్పిన పటిచ్చ సముప్పాదంలో వరస చూడండి. ఏదో తగులుతుంది, దాన్నుంచి సుఖమో దుఃఖమో అనిపిస్తుంది, అనిపించగానే కావాలనే తృష్ణ, తృష్ణ నుంచి వదలలేని పట్టు. అనిపించడానికీ కావాలనడానికీ మధ్య ఒక చిన్న సందు ఉంది. మనిషి స్వేచ్ఛ అంతా ఆ సందులోనే ఉంది. మత్తు చేసే పని ఆ సందును మూసేయడం. వైద్యులు కూడా తమ భాషలో దాదాపు ఇదే చెప్తారు. మెదడులో సంతోషం కలిగించే డోపమైన్ వ్యవస్థను మత్తు తన చేతుల్లోకి తీసుకుంటుంది. రానురాను అంతే మోతాదు చాలదు. చివరికి సంతోషం కోసం కాక, వణుకు ఆగడం కోసం తాగాల్సి వస్తుంది. మెదడు ఇరవైల మధ్యదాకా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి పదహారేళ్ళవాడికి దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. చిన్న వయసులో గంజాయి ఎక్కువగా తాగితే కొందరికి మతి చలించే జబ్బు వచ్చే ప్రమాదం కూడా ఉంది.

బాధకు మందు మెలకువేనని మన అక్కలే చూపించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వెళ్ళిన ఆడవాళ్ళు, తమ కథ లాంటి కథ పాఠంలో చదివి, సారా అంగడి మూయించారు. రోసమ్మ లాంటి కూలి మనుషులు ముందు నిలబడ్డారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం ఎత్తేశారు, నిజమే. చట్టం వస్తుంది, పోతుంది. అందుకే శీలం కూడా కావాలి.

రోగమా, దోషమా?

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు దగ్గరికి వస్తున్నాం. అలవాటైపోయినవాణ్ణి రోగి అనాలా, తప్పు చేసినవాడు అనాలా?

ధమ్మంలో కర్మ అంటే చేతన, అంటే మనసు చేసే సంకల్పం. మొదటి పొగ తాగినప్పుడు ఆ అబ్బాయికి వద్దనే శక్తి ఉంది. అక్కడ బాధ్యత అతనిదే. నూరోసారికి ఆ శక్తి చాలా తగ్గిపోయింది. బాధ్యత పూర్తిగా పోలేదు, కానీ ఒక్కడే మోయగలిగే బరువు కాదు. ఎవరి దగ్గర శక్తి ఎక్కువ ఉంటే వాళ్ళ మీద బాధ్యత ఎక్కువ. అమ్మేవాడి మీద, వాడి వెనక పెట్టుబడి పెట్టేవాడి మీద, మెలకువగా ఉండి చూస్తున్న మన మీద.

బుద్ధుడు ఒకసారి భిక్ఖువుల నివాసాలు చూస్తూ వెళ్తుంటే, విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్ఖువు కనిపించాడు. ఎవరూ చూడటం లేదా అని అడిగితే, నేను ఎవరికీ ఏ సాయం చెయ్యలేదు, అందుకే నన్నెవరూ చూడరు అన్నాడతను. బుద్ధుడు, ఆనందుడు కలిసి నీళ్ళు తెచ్చి అతన్ని కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. నాకు సేవ చెయ్యాలనుకునేవాళ్ళు రోగికి సేవ చెయ్యండి అని సంఘానికి చెప్పాడు. "వాడు మనకేం చేశాడు, మనమెందుకు చూడాలి?" అనే మాట ఆ రోజే కొట్టేశారు.

శీలం అబద్ధం అవుతుందా?

పంచశీలంలో ప్రతిదాని చివరా 'సిక్ఖాపదం' అంటాం. అంటే శిక్షణలో ఒక మెట్టు. అది దేవుడి ఆజ్ఞ కాదు, కోర్టు ప్రమాణం కాదు. నేర్చుకుంటున్నానని చెప్పడం. నడక నేర్చుకునే పిల్లాడు పడిపోతే అబద్ధమాడినట్టు కాదు. అబద్ధం అంటే ఎదుటివాణ్ణి మోసం చెయ్యాలనే సంకల్పం. అమ్మ దగ్గర డబ్బు గుంజడానికి శీలం చెప్తుంటే అది అబద్ధమే. మానాలని నిజంగా అనుకుంటూ చెప్పి, ఓడిపోయి, మళ్ళీ వచ్చి చెప్తుంటే అది అబద్ధం కాదు, ప్రయత్నం.

సాగతుడి కథలో మూడో సంగతి ఇదే. అతన్ని సంఘం నుంచి వెళ్ళగొట్టలేదు. మద్యం తాగడం భిక్ఖువుకు దోషమే, కానీ తోటివాళ్ళ ముందు ఒప్పుకుని సరిదిద్దుకోవలసిన దోషం. సంఘం నుంచి బహిష్కరించే దోషాల్లో అది లేదు. సాగతుడి పేరు బుద్ధుడు మెచ్చుకున్న ప్రముఖ శిష్యుల జాబితాలో నేటికీ ఉంది.

మనం వెలివాడల్లో పుట్టినవాళ్ళం. గుడి మెట్ల దగ్గర ఆపడం ఏమిటో మన తాతలకు తెలుసు. మన విహారం మెట్ల దగ్గర మన పిల్లాణ్ణే ఆపితే, మనం వదిలి వచ్చినదాన్నే మళ్ళీ కట్టుకున్నట్టు. కాబట్టి ఆ అబ్బాయి వందనకు రావచ్చు. రావాలి.

అయితే పెద్దాయన భయానికీ జవాబు చెప్పాలి. మత్తులో ఉన్నప్పుడు రాకూడదు, మెలకువగా ఉన్నప్పుడు రావాలి. విహారం చుట్టుపక్కల పొట్లం కనపడకూడదు. ఇక అమ్మేవాడి సంగతి వేరు. ఉపాసకుడు చెయ్యకూడని ఐదు వ్యాపారాల్లో మత్తు వ్యాపారం ఒకటని బుద్ధుడు స్పష్టంగా చెప్పాడు. వాడు ఆ పని వదిలితేనే మనలో కలవాలి. ఇంకో చేదు మాట కూడా చెప్పనివ్వండి. ఏప్రిల్ 14 జయంతికి బెల్టు షాపువాడి దగ్గర చందా తీసుకుని, డీజే వెనక తాగి ఊగుతూ బాబాసాహెబ్ బొమ్మ ఊరేగిస్తే, ఆ పిల్లాడి వైపు వేలు చూపించే హక్కు మనకెక్కడిది?

ఇంట్లో ఏం చెయ్యాలి?

ముందుగా, కొట్టడం, గొలుసుతో కట్టేయడం మానండి. అన్నంలో తెలియకుండా నాటుమందు, పొడులు కలపొద్దు, ప్రాణం మీదికి రావచ్చు. "పెళ్ళి చేస్తే మారతాడు" అనే మాట నోట రానివ్వొద్దు. ఇంకొకరి కూతురు మన కొడుక్కి మందు కాదు.

ఎక్కువ మోతాదులో మద్యం, కల్తీ కల్లు, నిద్రమాత్రలు అలవాటైనవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించి, ఆయన చెప్పినట్టు మాన్పించాలి. 14446 జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. మనసు బాగా లేదనిపిస్తే టెలి మానస్ 14416. రెండింటికీ డబ్బు ఖర్చు లేదు.

చట్టం సంగతి కూడా పిల్లలకు చెప్పండి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం కిలో లోపు గంజాయి దొరికినా ఏడాది దాకా జైలు పడవచ్చు. 20 కిలోలు దాటితే 10 నుంచి 20 ఏళ్ళు, బెయిల్ రావడం చాలా కష్టం. ఐదు వేలు ఇస్తామని సంచి మోయించేవాడు దొరకడు, సంచి మోసిన గిరిజన పిల్లాడో, దళిత పిల్లాడో దొరుకుతాడు. అదే చట్టంలో 64ఏ సెక్షన్ కూడా ఉంది. వాడకం, లేదా కొద్దిపాటి పరిమాణం కేసులో ఉన్న అలవాటుపడ్డ మనిషి, తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్స తీసుకుంటే శిక్ష నుంచి రక్షణ ఉంటుంది. లాయర్‌ని అడగండి.

ఒకసారి మానినవాడు మళ్ళీ మొదలుపెట్టడం మామూలుగా జరిగేదే. అప్పుడు "చూశావా, కుక్కతోక వంకర" అనకండి. మళ్ళీ ఆసుపత్రికి, మళ్ళీ విహారానికి తీసుకురండి.

ఆ తల్లి కొడుకు రెండు నెలలు చికిత్స తీసుకున్నాడు. ఒకసారి మళ్ళీ జారాడు. మళ్ళీ వెళ్ళాడు. ఇప్పుడు ఆదివారాలు వచ్చి చివరి వరసలో కూర్చుంటున్నాడు. చాపలు వేసే పని పెద్దాయనే అతనికి అప్పజెప్పాడు. ఐదో శీలం దగ్గరికి వచ్చేసరికి ఆ అబ్బాయి గొంతు కొంచెం తగ్గుతుంది. అప్పుడు మిగతావాళ్ళం కొంచెం గట్టిగా చెప్తాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.